మద్దెల నిజంగా ఓడేనా? – గోల్ఫ్ పటర్‌కీ మనకీ కుదరాల్సిన కొలతలు



‘ఆడలేక మద్దెల ఓడు’ అన్న సామెత మీకు తెలిసిందే. ఆట రానివాళ్లు నెపాన్ని మద్దెల మీదికి నెట్టేస్తారని దాని భావం. పరీక్ష సరిగా రాయనప్పుడు పెన్నునీ, క్యాచ్ వదిలేసినప్పుడు ఎండనీ తిట్టుకునేవాళ్లకు ఈ సామెత చక్కగా సరిపోతుంది. అయితే ఒక్క ప్రశ్న. మద్దెల నిజంగానే ఓడైతే? అప్పుడు ఎంత బాగా ఆడేవాళ్లకైనా అడుగు తప్పుతుంది. ఆ సంగతి తెలియక ‘నాకు ఆట రాదు’ అని పక్కకు తప్పుకునే పిల్లలు ఉంటారు. నెపం మద్దెల మీద వేయడం ఎంత తప్పో, మద్దెలలోని లోపాన్ని మన నెత్తిన వేసుకోవడమూ అంతే తప్పు. తప్పు ఎక్కడుందో తెలియాలంటే వాదించి లాభం లేదు, కొలిచి చూడాలి.

కొలిచి చూడటం ఎలాగో గోల్ఫ్ ఆటలో వాడే పటర్ అనే కర్రను ఉదాహరణగా తీసుకుని చెబుతాను. గోల్ఫే ఎందుకంటారా? మనలో చాలామంది కంటోన్మెంట్లలోనో, నౌకాదళ, వైమానిక దళ స్థావరాల్లోనో, ప్రభుత్వ రంగ సంస్థల టౌన్‌షిప్పుల్లోనో పెరుగుతున్నవాళ్లం. అలాంటి చోట్ల గోల్ఫ్ మైదానం ఉండటం మామూలే. సాయంత్రం పూట పెద్దల వెంట వెళ్లి ఆడేవాళ్లు ప్రతి తరగతిలోనూ ఒకరిద్దరు ఉంటారు. వాళ్ల చేతిలో ఉండే పటర్ ఎక్కువగా నాన్నగారిదో, అన్నయ్యదో, బదిలీ మీద వెళ్లిపోతూ పక్క క్వార్టర్స్‌వాళ్లు ఇచ్చినదో అయి ఉంటుంది. అంటే ఇంకొకరి కొలతకు చేసినది.

క్రికెట్ బ్యాటు కొనేటప్పుడు ఎన్నో నంబరు సైజు కావాలని దుకాణంలో అడుగుతారు. బూట్లు కొనేటప్పుడు పాదం కొలుస్తారు. మన పల్లెల్లో బిళ్లంగోడు ఆడే పిల్లలు కర్రను తమ చేతికి తగినట్టు చెక్కుకుంటారు. పటర్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం ‘ఏదైతేనేం, బంతిని మెల్లగా తోయడమే కదా’ అనుకుంటాం. అసలు చిక్కు అక్కడే ఉంది.

పటర్‌కు అంత విలువ ఎందుకు?

గోల్ఫ్ తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. దూరం నుంచి బంతిని కొట్టుకుంటూ వచ్చి చివరకు గ్రీన్ అనే నున్నటి పచ్చిక మీదికి చేరుస్తారు. అక్కడి నుంచి బంతిని నేల మీద దొర్లించి గుంతలో వేయాలి. ఆ దొర్లింపును పట్ అంటారు, దానికి వాడే కర్రను పటర్ అంటారు. మైదానానికి 18 గుంతలు. చాలా మైదానాల్లో మంచి ఆటగాడు మొత్తం ఆటను 72 దెబ్బల్లో ముగించాలని లెక్క కడతారు. ఆ లెక్కలో ఒక్కో గుంతకు రెండు పట్‌ల చొప్పున 36 దెబ్బలు గ్రీన్ మీదివే. అంటే సగం ఆట ఈ ఒక్క కర్రతోనే!

ఇప్పుడు గుంత కొలత చూద్దాం. దాని అడ్డుకొలత 10.8 సెంటీమీటర్లు. బంతి అడ్డుకొలత దాదాపు 4.3 సెంటీమీటర్లు. గుంత ఇంత పెద్దదైతే భయమెందుకు అనిపిస్తుంది. మీ జామెట్రీ పెట్టెలోని కోణమానిని తీయండి. దాని మీద అన్నిటికన్నా చిన్న గీత 1 డిగ్రీ. బంతి బయలుదేరే దిశలో ఆ 1 డిగ్రీ తేడా వస్తే, 3 మీటర్ల దూరం వెళ్లేసరికి అది సుమారు 5.2 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. గుంత మధ్య నుంచి అంచుకు ఉన్న దూరం 5.4 సెంటీమీటర్లు. అంటే బంతి అంచు మీద ఊగిసలాడుతుంది. తేడా 2 డిగ్రీలైతే గుంతను తాకకుండానే వెళ్లిపోతుంది. బంతి ఏ దిశలో బయలుదేరుతుందో ముఖ్యంగా నిర్ణయించేది, తగిలే క్షణంలో పటర్ ముఖం ఎటు చూస్తోందన్నది. మన ఒంటికి కుదరని పటర్ ఆ ముఖాన్ని 1, 2 డిగ్రీలు పక్కకు తిప్పడానికి పెద్ద ప్రయత్నమేమీ అక్కర్లేదు.

ముందుగా ఒక పరీక్ష

కొలతల్లోకి వెళ్లే ముందు తప్పు చేతిదో కర్రదో తేల్చుకోవాలి. ఇంట్లో చదునైన నేల చూసుకోండి. వరండాలూ బాల్కనీలూ వద్దు, నీళ్లు పోవడానికి వాటికి వాలు ఇస్తారు. అట్ట పుస్తకాన్ని కొంచెం ఏటవాలుగా పెట్టి, దాని మీద నుంచి బంతిని దొర్లనివ్వండి. తర్వాత అవతలి వైపు నుంచి కూడా అలాగే చేయండి. రెండుసార్లూ బంతి తిన్నగా వస్తే నేల మంచిదే.

ఇప్పుడు బంతి పెట్టే చోటు నుంచి 2 మీటర్ల దూరంలో నేల మీద సుద్దతో అడ్డంగా ఒక గీత గీయండి. దాని మధ్యలో ఒక చుక్క పెట్టండి. అదే మీ గురి. 20 సార్లు పట్ చేయండి. ప్రతిసారీ బంతి గీతను ఎక్కడ దాటిందో ఒక స్నేహితుణ్ణి గుర్తు పెట్టమనండి. చుక్కకు ఎటువైపు, ఎన్ని సెంటీమీటర్ల దూరంలో దాటిందో నోటుబుక్‌లో రాయండి.

ఇద్దరు పిల్లల ఫలితాలు ఊహించుకుందాం. మొదటి అమ్మాయి బంతులు దాదాపు అన్నీ చుక్కకు కుడివైపు 6 నుంచి 9 సెంటీమీటర్ల మధ్య దాటాయి. రెండో అబ్బాయి బంతులు ఎడమవైపు 9 సెంటీమీటర్ల నుంచి కుడివైపు 9 సెంటీమీటర్ల దాకా చెల్లాచెదురుగా ఉన్నాయి. సగటు తీస్తే అబ్బాయిది సున్నాకు దగ్గరగా వస్తుంది, అమ్మాయిది 7 దాటుతుంది. సగటు మాత్రమే చూసేవాళ్లు అబ్బాయే బాగా ఆడాడంటారు. నిజానికి చెయ్యి కుదిరింది అమ్మాయికి. 20 సార్లూ ఒకేలా కొట్టగలిగింది. ఆమెను ఏదో ఒకటి ప్రతిసారీ ఒకేవైపు లాగుతోంది. అది నిలబడే తీరు కావచ్చు, గురి చూసే తీరు కావచ్చు, పటర్ కొలత కావచ్చు. వెతికితే దొరుకుతుంది. అబ్బాయికి మాత్రం ఏ కొలత మార్చినా ఇప్పుడే ప్రయోజనం కనిపించదు, అతనికి కావలసింది సాధన.

ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకోండి. తప్పు ఎప్పుడూ ఒకేవైపు జరుగుతుంటే కొలత చూడాలి. నలువైపులా జరుగుతుంటే సాధన చేయాలి. ప్రయోగశాలలో త్రాసుకూ వర్తించే సూత్రమే ఇది. ప్రతిసారీ 5 గ్రాములు ఎక్కువ చూపించే త్రాసును సరిచేయవచ్చు. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ చూపించేదాన్ని నమ్మలేం.

పొడవు: అన్నిటికన్నా ముందు చూడాల్సింది

దుకాణాల్లో దొరికే పెద్దవాళ్ల పటర్లు సాధారణంగా 33 నుంచి 35 అంగుళాల పొడవుంటాయి. ఏడో తరగతి పిల్లలకు అది ఎక్కువే. పొడవు ఎక్కువైతే ఏమవుతుంది? కర్ర పైకొన పొట్టకు తగులుతుంది. అది తగలకుండా మోచేతులు పక్కలకు విచ్చుకుంటాయి, లేదా బంతికి దూరంగా జరిగి నిలబడతాం. దూరం జరగగానే కళ్లు బంతి మీద నుంచి పక్కకు వస్తాయి. పక్క నుంచి చూస్తే తిన్నని గీత కూడా వంకరగా అనిపిస్తుంది. ఇలా ఒక్క పొడవు వల్ల నిలబడే తీరూ, చూపూ, గురీ అన్నీ మారిపోతాయి.

మీకు తగిన పొడవు కొలవడానికి ఇద్దరు కావాలి. పటర్ లేకుండానే బంతి ముందు నిలబడండి. పాదాలు భుజాలంత ఎడంగా ఉంచి, మోకాళ్లు కొంచెం సడలించి, నడుము దగ్గర ముందుకు వంగండి. చేతుల్ని భుజాల కింద తాళ్లలా వేలాడనివ్వండి. వేలాడిన చోటే రెండు అరచేతులూ కలపండి. అదే మీ చేతులకు సహజమైన స్థానం. ఇప్పుడు స్నేహితుడు టేపుతో పై చేతి పైఅంచు నుంచి బంతి వెనుక నేల దాకా కొలవాలి. నిట్టనిలువుగా కాదు, పటర్ ఎంత ఏటవాలుగా ఉంటుందో అంత ఏటవాలుగా. దానికి పట్టు కోసం 2 సెంటీమీటర్లు కలపండి. వచ్చిన దాన్ని 2.54తో భాగిస్తే అంగుళాలు వస్తాయి. మూడుసార్లు కొలిచి సగటు తీసుకోండి.

కళ్లు సరైన చోట ఉన్నాయో లేదో చూడటానికి ఒక తేలిక పద్ధతి ఉంది. పట్ చేయబోయే భంగిమలో నిలబడి, రెండో బంతిని ముక్కు మొదట్లో, కళ్ల మధ్య పట్టుకుని వదిలేయండి. అది కింది బంతి మీదో, లేదా దానికి కొంచెం మీవైపుగానో పడాలి. బాగా మీవైపు పడితే కర్ర పొడవు ఎక్కువై ఉండవచ్చు. బంతికి అవతల పడితే కర్ర పొట్టిదై మరీ వంగిపోతున్నారేమో చూసుకోండి.

‘కర్ర పొడవైతే కిందికి పట్టుకుంటే సరిపోతుంది కదా’ అని మీలో కొందరు అడగవచ్చు. కొంతవరకు సరిపోతుంది. కానీ ఒక చిన్న ప్రయోగం చేయండి. క్రికెట్ బ్యాటును హ్యాండిల్ చివర పట్టుకుని ఊపండి. తర్వాత బాగా కిందికి పట్టుకుని ఊపండి. రెండోసారి బ్యాటు తేలికైపోయినట్టు ఉంటుంది. పటర్‌కూ అంతే. కిందికి పట్టుకుంటే దాని తల బరువు చేతికి తెలియదు. బంతిని ఎంత బలంతో తోస్తున్నామో అంచనా తప్పుతుంది.

లై: తల నేల మీద చదునుగా కూర్చోవడం

పటర్ కాడ నేలకు నిట్టనిలువుగా ఉండదు, ఏటవాలుగా ఉంటుంది. ఆ కోణాన్ని లై అంటారు. చాలా పటర్లకు ఇది 70 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. కాడ నిలువు గీతకు కనీసం 10 డిగ్రీలైనా వంగి ఉండాలని ఆట నియమాలు చెబుతాయి. పటర్ తలలో కాడకు దగ్గరగా ఉండే చివరను హీల్ అంటారు, అంటే మడమ. అవతలి చివరను టో అంటారు, అంటే కాలివేళ్ల వైపు. పొడవు ఎక్కువైన పటర్‌ను కొన దగ్గర పట్టుకుని, చేతులు కిందికి దించి నిలబడితే టో గాలిలోకి లేస్తుంది.

మీ భంగిమలో నిలబడి పటర్‌ను గచ్చు మీద ఆనించండి. టో కింద ఒక కాగితాన్ని తోయమని స్నేహితుడికి చెప్పండి. తర్వాత హీల్ కింద. రెండువైపులా కొంచెం మాత్రమే దూరి ఆగిపోతే లై కుదిరినట్టు. ఒకవైపు నుంచి సగం దాకా దూసుకుపోతే ఆ వైపు లేచి ఉందన్నమాట.

దీనివల్ల దిశ ఎంత మారుతుంది? లెక్కవేస్తే నేరుగా మారేది తక్కువే. పటర్ ముఖం 4 డిగ్రీలు పైకి చూస్తూ, తల 5 డిగ్రీలు ఒరిగి ఉంటే 3 మీటర్లకు బంతి దాదాపు 2 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. అసలు నష్టం వేరే ఉంది. ఒరిగిన తలను చూసి గురి పెట్టడం కష్టం, బంతి ముఖం మధ్యలో తగలడమూ కష్టం. అందుకే ముందు పొడవు సరిచేసి, ఆ తర్వాత లై చూడాలి. చాలాసార్లు పొడవు సరిపోగానే లై కూడా సర్దుకుంటుంది. ఇంకా తేడా ఉంటే గోల్ఫ్ సామాన్లు బాగుచేసేవాళ్లు యంత్రంతో కాడ మెడను వంచి ఇస్తారు. ఇంట్లో సుత్తితోనో, తలుపు సందులో పెట్టో వంచే ప్రయత్నం చేయకండి. కొన్ని లోహాలు వంగవు, విరుగుతాయి.

లాఫ్ట్: ముఖం కొంచెం పైకి ఎందుకు చూస్తుంది?

పటర్ ముఖం పూర్తిగా నిలువుగా ఉంటుందనుకుంటాం. చాలా పటర్లకు అది 3, 4 డిగ్రీలు పైకి వాలి ఉంటుంది. బంతి తన బరువుతో పచ్చికలో చిన్న గుంట చేసుకుని కూర్చుంటుంది కాబట్టి ముందు దాన్ని కాస్త పైకి లేపి, తర్వాత దొర్లనివ్వాలి. బంతి తగిలేటప్పుడు చేతులు బాగా ముందుకు వెళ్తే ఈ వాలు తగ్గిపోతుంది, వెనకబడితే పెరుగుతుంది. బంతి మొదట్లో ఎగిరెగిరి పడుతుంటే చేతులు ఎక్కడున్నాయో ముందు చూసుకోండి. లాఫ్ట్ మార్చడం ఆ తర్వాతి సంగతి.

తూకం: ఒక ఇంజినీరు కనిపెట్టిన కిటుకు

నార్వేలో 1911లో పుట్టి, అమెరికాలో పెరిగిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ యువకుడిగా ఉన్నప్పుడు బూట్ల పని చేశాడు, తర్వాత జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో ఇంజినీరయ్యాడు. నలభై దాటాక స్నేహితుల బలవంతం మీద గోల్ఫ్ మొదలుపెట్టాడు. పట్‌లు పోతున్నాయి. అందరిలా ‘నా చెయ్యి మంచిది కాదు’ అని ఊరుకోకుండా, చేతిలోని పటర్‌ను ఇంజినీరు కళ్లతో చూశాడు. అప్పటి పటర్ల తల పలుచటి పట్టీలా ఉండేది. బంతి సరిగ్గా మధ్యలో తగలకపోతే ఆ తల చేతిలోనే మెలి తిరిగిపోయేది. ముఖం మెలి తిరిగితే దిశ మారుతుంది, దూరమూ తగ్గుతుంది.

ఆయన ఐస్‌క్రీమ్ పుల్లలకు పంచదార ముక్కలు అంటించి తన ఆలోచనకు నమూనా తయారు చేశాడని చెబుతారు. ఆ ఆలోచన ఏమిటంటే, బరువును తల మధ్య నుంచి తీసేసి రెండు చివరలకూ పంచడం. మనకు ఇది కొత్తేమీ కాదు. కావడి మోసేవాళ్లను గుర్తు తెచ్చుకోండి. బద్దకు రెండు చివరలా బరువు వేలాడుతుంటే చటుక్కున పక్కకు తిరగడం సాధ్యం కాదు. తాడు మీద నడిచేవాళ్లు పొడుగాటి గడ పట్టుకునేదీ అందుకే. బరువు మధ్య నుంచి ఎంత దూరంగా ఉంటే, ఆ వస్తువు తిరగడానికి అంత మొరాయిస్తుంది. పై తరగతుల్లో దీన్నే జడత్వ భ్రామకం అన్న పేరుతో చదువుతారు.

1959లో కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ సిటీలో, తన ఇంటి గ్యారేజీలో ఆయన అలాంటి పటర్ తయారు చేశాడు. బంతికి తగిలినప్పుడు ‘పింగ్’ మని మోగిందని దానికి ఆ పేరే పెట్టాడు. 1966లో ఆన్సర్ అనే పటర్ చేశాడు. ఆ ఇంగ్లిషు మాట పటర్ మీద పట్టకపోతే మధ్యలో ఒక అక్షరం తీసేయమని ఆయన భార్య లూయీస్ సలహా ఇచ్చింది. అందుకే ఆ పేరు స్పెల్లింగు తప్పుతోనే నిలిచిపోయింది. ఇవాళ దుకాణాల్లో కనిపించే ఎన్నో పటర్ల ఆకారం దాన్ని చూసి చేసిందే. మద్దెల నిజంగానే ఓడని రుజువు చేసి, కొత్త మద్దెల చేసుకున్న మనిషి ఆయన.

మీ పటర్‌లో బంతి తగలాల్సిన చోటు ఎక్కడుందో తెలుసుకోవాలా? రెండు వేళ్లతో గ్రిప్ పైకొన పట్టుకుని పటర్‌ను వేలాడదీయండి. పెన్సిల్ వెనుక కొసతో ముఖం మీద హీల్ నుంచి టో దాకా మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. కొన్నిచోట్ల తట్టినప్పుడు తల మెలి తిరుగుతుంది. ఒక్కచోట మాత్రం తిరగకుండా తిన్నగా వెనక్కి వెళ్తుంది. అదే ఆ చోటు. తల పైభాగంలో ఉన్న గీత సరిగ్గా అక్కడే లేకపోతే స్కెచ్ పెన్నుతో మీ గుర్తు మీరు పెట్టుకోండి.

ఇంకో పరీక్ష. కాడను తల దగ్గర వేలి మీద అడ్డంగా నిలబెట్టండి. కొన్ని పటర్ల ముఖం కప్పు వైపు చూస్తుంది. కొన్నిటి టో కిందికి వేలాడుతుంది. చేతుల్ని తిన్నగా వెనక్కి, తిన్నగా ముందుకు ఆడించేవాళ్లకు మొదటి రకం, కొంచెం వంపుగా ఆడించేవాళ్లకు రెండో రకం కుదురుతుందని సాధారణంగా చెబుతారు. నేల మీద మీటరు స్కేలు పెట్టి దాని పక్కన పటర్ ఆడించి చూస్తే మీది ఏ రకమో తెలుస్తుంది. అయినా దీన్ని శిలాశాసనం అనుకోకండి. రెండు రకాలతోనూ 20 బంతుల పరీక్ష చేసి, బంతులు దేనితో దగ్గరదగ్గరగా దాటితే దాన్ని తీసుకోండి.

గ్రిప్, వాటం, చూపు

పటర్ గ్రిప్‌కు ముందువైపు చదునుగా ఉండవచ్చు. మిగతా గోల్ఫ్ కర్రలకు లేని సౌకర్యం ఇది. బొటనవేళ్లు ఆ చదును మీద పెడితే ముఖం ఎటు చూస్తోందో చేతికి తెలుస్తుంది. చిన్న చేతులకు పెద్దవాళ్ల లావు గ్రిప్ ఉంటే గట్టిగా బిగించి పట్టుకుంటారు, మణికట్టు బిగుసుకుపోతుంది. పాత గ్రిప్ ఎండకు గట్టిపడి జారుతున్నా అంతే. గ్రిప్ మార్చడం పెద్ద ఖర్చు కాదు. పటర్ మార్చాలని అడిగే ముందు గ్రిప్ మార్చమని అడగండి.

ఎడమచేతి వాటం పిల్లలకు ఒక మాట. కుడిచేతి పటర్ ఇచ్చారని మీ వాటం మార్చుకోకండి. సైనికాధికారి కూతురు దీక్షా డాగర్‌ది ఎడమచేతి వాటం. పుట్టుకతోనే వినికిడి లోపం ఉన్న ఆమె 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచింది. ఎడమచేతివాళ్ల పటర్లు తక్కువగానే దొరుకుతాయి కానీ దొరుకుతాయి. ఈ వ్యాసంలోని పరీక్షలన్నీ మీకూ పనికొస్తాయి.

పటర్ తల మీది గీత కూడా అందరికీ ఒకేలా సాయపడదు. కొందరికి పొడుగు గీత ఉంటే గురి కుదురుతుంది, కొందరికి చిన్న చుక్క చాలు. 2 మీటర్ల దూరంలోని చుక్కకు గురి పెట్టి కదలకుండా ఉండండి. ముఖం ఎటు చూస్తోందో వెనుక నుంచి స్నేహితుణ్ణి చూడమనండి. మీరు తిన్నగా ఉందనుకున్నది పక్కకు ఉందంటే మీ బంతులు ఒకేవైపు పోవడానికి కారణం దొరికినట్టే. తెల్ల టేపుతో గీత మార్చి మళ్లీ చూడండి.

కాడ కోయించే ముందు

పెద్దవాళ్ల పటర్‌ను కోయించుకోవడం మనలో మామూలే. ఇంట్లోవాళ్ల అనుమతితో, పని తెలిసినవాళ్ల చేత మాత్రమే కోయించండి. మెల్లమెల్లగా, కొంచెం కొంచెంగా కోయమనండి. తగ్గించడం తేలిక, మళ్లీ అతికించడం కష్టం. పైగా మీరు ఎదిగే వయసులో ఉన్నారు. అందుకే వచ్చిన కొలత కంటే ఒక అంగుళం ఎక్కువే ఉంచుకుని, ఇప్పటికి కాస్త కిందికి పట్టుకోండి.

కాడ కోస్తే తల తేలికైనట్టు అనిపిస్తుందని బ్యాటు ప్రయోగంలో చూశాం. అప్పుడు తల కింద సీసపు టేపు అంటించి బరువు కలుపుతారు. సీసం విషపదార్థం, ఆ పని పెద్దల చేతే చేయించండి, ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కోండి. మరీ చిన్న తరగతుల పిల్లలకు మాత్రం పెద్దవాళ్ల తల ఎంత కోసినా బరువే. వాళ్లకు పిల్లల కోసం చేసిన తేలిక పటరే మంచిది.

ఒకేసారి రెండు మార్పులు చేయకండి. పొడవు మార్చినరోజే గ్రిప్ కూడా మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒకటి మార్చడం, వారం ఆడటం, 20 బంతుల పరీక్ష చేయడం, రాసుకోవడం. ఆ తర్వాతే రెండోది.

ఊరు మారితే?

ఇది మనందరికీ సంబంధించిన ప్రశ్న. మైదాన ప్రాంతాల్లో గ్రీన్లకు ఎక్కువగా వాడేది బర్ముడా గడ్డి. పేరు విదేశీదే కానీ మూలం మన గరికే, వినాయక చవితి పత్రిలో పెట్టే గరిక. చలి ప్రదేశాల్లో వేరే సన్నటి గడ్డి జాతులు పెంచుతారు. నీటి కొరత ఉన్న కొన్నిచోట్ల పచ్చికే ఉండదు, నూనె కలిపిన ఇసుకను చదును చేసి బ్రౌన్ అంటారు. ఒకే బలంతో తోసిన బంతి ఒకచోట గుంత దాటిపోతుంది, ఇంకోచోట సగంలో ఆగిపోతుంది. విశాఖపట్నం నుంచి షిల్లాంగ్ వెళ్లిన అబ్బాయి మొదటి నెలలో తడబడితే అది పటర్ తప్పూ కాదు, చేతి తప్పూ కాదు. కొత్త గ్రీన్‌కు బలం అలవాటు కావాలి, అంతే. అలాంటప్పుడు బంతులు ముందుకో వెనక్కో తప్పుతాయి, పక్కకు కాదు. మీ నోటుబుక్‌లో ఈ తేడా కూడా కనిపిస్తుంది.

క్వార్టర్స్ తలుపు మీద పెన్సిల్‌తో గీసిన మీ ఎత్తు గీతలు బదిలీ అయినప్పుడు అక్కడే ఉండిపోతాయి. నోటుబుక్‌లో రాసుకున్న కొలతలు మీ వెంట వస్తాయి. ఆరు నెలలకోసారి ఎత్తూ, చేతుల నుంచి నేలకు దూరమూ కొలిచి తేదీతో సహా రాయండి. మీకు పొట్టిదైన పటర్‌ను బదిలీ మీద వెళ్లేటప్పుడు ఇంకొకరికి ఇస్తే, దాని కొలత కూడా చీటీ మీద రాసి ఇవ్వండి. తీసుకున్నవాళ్లు తమ కొలతతో పోల్చి చూసుకుంటారు.

మంచి పటర్ ఉంటేనే ఆటగాళ్లవుతారని నా ఉద్దేశం కాదు. ఎస్‌.ఎస్‌.పి. చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో పచ్చిక సంరక్షకుడు. ఆ కుర్రాడు అక్కడే పెద్దల ఆట చూస్తూ, తనంతట తానే నేర్చుకుని 2016లోనూ 2017లోనూ ఇండియన్ ఓపెన్ గెలిచాడు. సాధనకు ప్రత్యామ్నాయం లేదు. కానీ సాధన ఫలించాలంటే చేతిలోని కర్ర దానికి అడ్డు రాకూడదు. రోజుకు వంద పట్‌లు కుదరని పటర్‌తో చేస్తే ఆ వంకర నిలబడే తీరే అలవాటైపోతుంది. దాన్ని తర్వాత వదిలించుకోవడం మొదట నేర్చుకోవడం కంటే కష్టం.

కాబట్టి ఈసారి బంతి గుంత తప్పినప్పుడు పటర్‌ను తిట్టకండి, మిమ్మల్ని మీరూ తిట్టుకోకండి. సుద్దముక్క, టేపు, నోటుబుక్ తీయండి. మద్దెల ఓడని తేలితే సరిచేయించుకోండి. మద్దెల బాగానే ఉందని తేలితే అదీ సంతోషించాల్సిన మాటే. ఇక అనుమానం లేకుండా సాధన మొదలుపెట్టవచ్చు.